నేరేడు రంగు ఏడాది

రెండువేల ఇరవై మూడు మార్చి ఇరవై రెండు, బుధవారం, ఉగాది. మధ్యాహ్న భోజనాలయ్యాక ధర్మవరంలోని మా ఇంటి వసారాలో ఉన్నవారు వీరు: పడకకుర్చీలో మా నాయన నరసింహప్ప, అంగడి తాళాలను వేలికి తగిలించుకుని తిప్పుతున్న మా తమ్ముడు సుదర్శన్, మెట్టు మీద మా నేతగాళ్ళ తరఫున మాట చెప్పే ఓబులేసు, తలుపు వారగా నేను, హేమావతిని. సుదర్శన్ భార్య, మా మరదలు నాగలక్ష్మి, వక్కాకు పళ్ళెం పెట్టి వెళ్ళినట్టే వెళ్ళి కిటికీ అవతల నిలబడింది. కాబట్టి ఆమెను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

విషయం బాల్ బ్యాడ్మింటన్ పందేలు. అమావాస్య నాడు మా ఊళ్ళో మగ్గం ఎక్కరు. ఆడేవారికీ చూసేవారికీ ఆ రోజు తీరిక కాబట్టి, ఏటా వైశాఖ అమావాస్యకు ఫైనల్ జరిగేటట్టు నాయన ఈ పందేలు నడిపేవారు. మా పట్టుచీరల అంగడి వెనుక ఎర్రమట్టి కోర్టు, పసుపుపచ్చ ఉన్ని బంతి, జట్టుకు ఐదుగురు. మగ్గాల వీధుల నుంచి కొన్ని జట్లు, ముదిగుబ్బ నుంచీ తనకల్లు నుంచీ కొన్ని వచ్చేవి. గెలిచినవారికి కప్పు ఉండేది కాదు. ఒక్కొక్క ఆటగాడి ఇంటికీ ఒక పట్టుచీర వెళ్ళేది. అది వాడి తల్లికో, భార్యకో, అక్కకో. ఫైనల్లో ఓడిన జట్టు ఇళ్ళకూ అదే చీర, అదే రంగు, అదే అంచు.

"ఓడినోని ఇంట్లో ఆడమనిషి ఏం తప్పు జేసిందప్పా?" అని నాయన వాదన.

ఏటికొక రంగు ఉండేది. పెళ్ళిళ్ళలో ఆ చీరలు కనిపిస్తే ఇది మెంతిరంగు ఏడాది, ఇది చిలకాకుపచ్చ ఏడాది అని మా ఊళ్ళో ఎవరైనా చెప్పగలరు. కట్టుకున్నామె గెలిచిన ఇంటి మనిషో, ఓడిన ఇంటి మనిషో మాత్రం ఎవరూ చెప్పలేరు. మగ్గం మీది నుంచి చీర దిగడానికి వారాలు పడుతుంది కనుక, ఎవరు ఆడతారో తెలియకముందే, ఉగాది నాడే రంగు ఖాయం చేసేవారు.

"ఈ యేడు నేరేడు రంగు. పసుపు అంచు. రెండు జట్లకూ మగ్గానికి ఎక్కియ్యి ఓబులేసూ," అన్నారు నాయన.

ఓబులేసు తల ఊపేలోపే సుదర్శన్ అందుకున్నాడు. "ఒక జట్టుకు చాలు నాయనా. పట్టు ధర ఎట్లుండాదో తెలీదా నీకు? బెంగళూరోళ్ళు పోయిన నెల సరుకంతా వెనక్కి పంపిరి. మరమగ్గం చీరలు మన కండ్ల ముందరే అమ్ముడుపోతాండాయి. గెలిచినోళ్ళకు చీరలు, ఓడినోళ్ళకు స్టీలు క్యారియర్లు ఇస్తాం. మంచివే ఇస్తాంలే."

కిటికీ అవతల నాగలక్ష్మి గాజులు చప్పుడయ్యాయి. నాయన వక్క కొరికి, నిదానంగా నమిలి, "అంగడి నీది. నేనే గదా నీ చేతికిచ్చినా. నీ ఇష్టం," అన్నారు. ఆ మాటలో కోపం లేదు. ఇచ్చినదానిని మళ్ళీ తన చేతిలోకి తీసుకునే అలవాటు ఆయనకు లేదు. నొప్పి ఉండి ఉంటే అది నాకు కనిపించలేదు.

"ఇంగొకటుండాది," అన్నారు. "ఈ తూరి నేను కుర్చీ ఎక్కలేను. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. హేమ కూర్చుంటాది."

కుర్చీ అంటే వల పక్కన ఉండే అంపైరు కుర్చీ. విప్పదీసిన పాత మగ్గం కర్రలతో నాయన చేయించిన ఎత్తు కుర్చీ అది; పలక కింద ఏటేటి స్కోరు కాగితాలు దాచే అర ఒకటి ఉండేది.

ఓబులేసుకు నవ్వు ఆగలేదు. "హేమక్కనా? అక్క వీధి మొగం జూసి ఎన్నాళ్ళయింది సావుకారీ? బంతి గీత మీద పడిందా అవతల పడిందా అని ఆలోచించే లోపల ఆడేటోళ్ళు ఇండ్లకు పోతారు."

అతడన్నది అబద్ధం కాదు. నాది మేడమీది గది. శాసనాల మీద విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, కొన్నాళ్ళు పాఠం చెప్పి, గొంతు పెగలక మానుకుని వచ్చినదానిని. నాయన దానిని ఒక జబ్బుగా ఎన్నడూ చూడలేదు. నేను తిరిగి వచ్చిన వారంలోనే వడ్రంగిని పిలిపించి గది నిండా అలమరాలు కట్టించారు. చుట్టాలు నా గురించి ఆరా తీస్తే, "మా హేమ చదువుకుంటాంది," అనేవారు. నలభై ఎనిమిదేళ్ళ కూతురి గురించి ఏ మొహమాటమూ లేకుండా ఆ మాట చెప్పగలిగిన తండ్రి ఆయన.

"నేనేం మాట్లాడాల నాయనా ఆడ?" అన్నాను.

"లెక్క జెప్తే చాలు. ఎత్తున కూర్చుంటావు. నీ దగ్గరికి ఎవురూ రారు, నీకు అందరూ అగుపిస్తారు. ఊరంతట్లో నీకు సరిపోయే కుర్చీ అదొకటే."

ఒప్పుకున్నాను. కాదనడానికి తగిన కారణం వెతికే వ్యవధి నాకు దొరకలేదు.

*

చైత్రమంతా తెల్లవారగానే కోర్టు దగ్గరికి వెళ్ళాం. ఎండ ముదిరితే గాలి లేస్తుంది. గాలి లేస్తే ఉన్ని బంతి ఎవరి మాటా వినదు. నాయన ప్లాస్టిక్ కుర్చీలో తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చునేవారు. నేను నియమావళి పుస్తకం పెన్సిలు గీతలతో సహా చదివి వచ్చేదానిని.

నాయనకు ఆట మీద ఉన్న ప్రేమ ఆటకు ఆయన మీద ఉండేది కాదు. ఆడే రోజుల్లో ఆయన కొట్టిన బంతుల్లో సగం వలకే తగిలేవని ఓబులేసు చెప్పేవాడు. "సావుకారి సర్వీసు చేస్తాంటే మేము బీడీ ముట్టించుకునేటోళ్ళం అక్కా. వల దాటి వస్తే గదా లేచేది." నాయన అందరికంటే గట్టిగా నవ్వేవారు. తనకు రానిది ఇతరులకు వస్తే చూసి సంతోషించడం ఎలాగో, ఆయన్ను చూడకపోయి ఉంటే నాకు తెలిసేది కాదు.

ఆయన్ను చూడటానికి ఎవరో ఒకరు వచ్చేవారు. కదిరి వైపు పోలీసు ఉద్యోగం చేసే జయరాజు ఒకనాడు యూనిఫారంలోనే వచ్చి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆటల కోటాలో అతనికి ఉద్యోగం వచ్చింది. ఆడటానికి మొదటి బ్యాటు నాయన ఇచ్చారు.

"బ్యాటు ఇచ్చినావు సరే. షూలు గూడా నువ్వే కొనిస్తివి. మా యమ్మతో ఏం జెప్పినావో గుర్తుండాదా?" అన్నాడు జయరాజు.

"లేదప్పా."

"అంగట్లో ఎవురో మర్చిపోయిండ్రు, నీ కొడుకు కాలికి సరిపోతాయేమో సూడమ్మా అంటివి. పెట్టె గూడా తెరవని కొత్త షూలు. మా యమ్మ పిచ్చిదా?"

"మీ యమ్మ నమ్మింది గదా."

"నమ్మినట్టు ఉన్నింది," అన్నాడు జయరాజు. తరువాత ఇద్దరూ చాలాసేపు ఆట చూశారు.

నాకూ నాయనకూ అభిప్రాయభేదం ఒక్కచోటనే వచ్చింది. బంతి బ్యాటు అంచును తాకీ తాకక వెళ్ళి గీతకు అవతల పడితే, తాకినవాడు పాయింటు పోగొట్టుకుంటాడు. కానీ ఉన్ని బంతి తగిలిన చప్పుడు చాలాసార్లు వినపడదు. నాయన అటువంటప్పుడు కుర్చీలో నుంచి వంగి, "తగిలిందా అప్పా?" అని ఆడేవాణ్ణే అడిగేవారు. వాడు ఏది చెబితే అదే తీర్పు.

"పుస్తకంలో అట్ల లేదు నాయనా. తీర్పు అంపైరుది. ఆడేవాణ్ణి అడగడానికి వీల్లేదు."

"పుస్తకం రాసినోళ్ళకు మన పిల్లోళ్ళు తెలీదు గదమ్మా," అన్నారు నాయన. "నేను అడిగినా. ఇన్నేండ్లలో ఒకరిద్దరు అబద్ధం జెప్పిండొచ్చు. జెప్పినోడు మరుసటి యేడు నా మొగం జూసి ఆడలేకపోయినాడు. నీకు నచ్చినట్టు నువ్వు చెయ్యి. కుర్చీ నీది."

అంగడిని తమ్ముడికి ఇచ్చినట్టే కుర్చీని నాకు ఇచ్చేశారు. నేను నియమావళి ప్రకారమే నడుచుకోవాలని నిశ్చయించుకున్నాను.

*

మే పందొమ్మిది, శుక్రవారం, వైశాఖ అమావాస్య. ఎండ వాలాక ఫైనల్ మొదలైంది. ఒక పక్క మా అంగడి జట్టు, దానికి సుదర్శన్ కెప్టెను. నడుము మీద కొంచెం కండ చేరినా చెయ్యి ఇంకా వాటంగానే ఉంది. అవతలి పక్క ఓబులేసు వీధి జట్టు. మైదానమంతా జనం. నాయనను కారులో తెచ్చి కోర్టు వారగా ఆపారు. తలుపు తెరిచి, కాళ్ళు బయటకు పెట్టుకుని కూర్చున్నారు.

కుర్చీ ఎక్కాక మొదటి లెక్క చెప్పడానికి నాకు గొంతు రాలేదు. రెండోసారి వచ్చింది. ఆపైన ఒక విచిత్రం జరిగింది. అంతమంది నావైపు చూస్తున్నా వారిలో ఎవరికీ నాతో పని లేదు. వారికి కావలసినది అంకె. నేను అంకె చెబుతున్నాను, వారు నమ్ముతున్నారు. నాయన చెప్పినట్టు నాకు అందరూ కనిపిస్తున్నారు. అంతమంది మధ్య అంత తేలికగా నేను అంతకుముందు ఎప్పుడూ ఊపిరి తీసుకోలేదు.

చెరొక సెట్టు గెలిచి మూడో సెట్టు చివరికి వచ్చారు. ఓబులేసు జట్టు ఒక్క పాయింటు దూరంలో ఉంది. మావాళ్ళు వెన్నంటే ఉన్నారు. ఓబులేసు బలంగా కొట్టాడు. బంతి సుదర్శన్ ఎత్తిన బ్యాటును దాటుకుని వెనుక గీతకు బాగా అవతల పడింది. మా అంగడి పిల్లలు అప్పటికే చప్పట్లు మొదలుపెట్టారు. చప్పుడేదీ నాకు వినపడలేదు. నియమావళి ప్రకారం నేను వెంటనే 'అవుట్' అనాలి.

నేను వంగి, "తగిలిందా?" అన్నాను.

ఎందుకు అడిగానో తెలియదు. ఆ కుర్చీలో కూర్చున్నవారు అలాగే అడుగుతారని మాత్రం తెలుసు.

సుదర్శన్ తన బ్యాటు వైపు చూశాడు. కారు వైపు చూడలేదు. "తగిలిందక్కా," అన్నాడు.

నేను చివరి అంకె చెప్పాను. ఓబులేసు జట్టు గెలిచింది. కారు తలుపు దగ్గర నుంచి ఒక్క జత చేతుల చప్పట్లు ముందుగా వినిపించాయి, ఆ తరువాత ఊరివి.

బహుమతుల బల్ల మీద ఐదు చీరల పెట్టెలు ఒక వరుస, ఐదు స్టీలు క్యారియర్లు ఒక వరుస పెట్టి ఉన్నాయి. ఓబులేసు చెమట తుడుచుకుంటూ వచ్చి పెట్టెలను చూశాడు. వాటిలో రెండు అతని మగ్గం మీద దిగినవే.

"సుదర్శనూ, ఇవి ఈ దినం మాకొద్దు," అన్నాడు.

"ఏమప్పా, గెలిచినారు గదా?"

"గెలిచినాం. ఇవి మావోళ్ళు కట్టుకుంటే గెలిచినోళ్ళని తెలుస్తాది. పందెం చీర అట్ల కట్టరు ఈ ఊర్లో. ఆడనే పెట్టు. ఓడినోళ్ళ ఐదు చీరలూ వచ్చినాక అన్నీ కలిపి ఇయ్యి."

"ఆ ఐదూ యాడివి? నెయ్యలేదు గదా."

"నెయ్యమంటే నేస్తాం. నేసేటోళ్ళం మేమే గదా?"

సుదర్శన్ పెట్టెలను మళ్ళీ అంగట్లోకి పంపించాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర నాగలక్ష్మి అతనికి అన్నం వడ్డిస్తూ అంది: "ఆ ఒక్క మాట నోట్లోనే పెట్టుకొనుంటే నా పెట్టె నాకొచ్చుండు. ఇప్పుడు క్యారియరు వచ్చింది. రేపట్నుంచి దాంట్లోనే పంపిస్తా మీకు అంగట్లోకి."

"అంగడి నిండా చీరలే గదే. ఏది గావాల్నో తీసుకో."

"అంగడి చీర ఎవురైనా కట్టుకుంటారు. పెండ్లయినప్పట్నుంచి చూస్తాండా, మీ జట్టు ఫైనల్ దాకా వచ్చిందే లేదు, పందెం చీర నా వంతుకు ఒక్కతూరి గూడా రాలేదు."

నాయన తల వంచుకుని పెరుగన్నం కలుపుకుంటున్నారు. భుజాలు కదలడాన్నిబట్టి నవ్వుతున్నారని తెలిసింది. సుదర్శన్ చెయ్యి కడుక్కుని, రంగులద్దే జయరాముడికి ఫోను చేశాడు. నేరేడు రంగు పట్టు ఇంకో ఐదు చీరలకు కావాలని చెప్పాడు.

నేను స్కోరు కాగితం తీసుకెళ్ళి నాయన ముందు పెట్టాను. ఏటా దాని మీద ఆయన సంతకమే ఉండేది.

"కుర్చీలో ఎవురు కూర్చున్నింది?" అన్నారు.

"నేనే."

"అయితే నీదే సంతకం. ఇప్పుడు గాదు. చీరలు రెండు జట్ల ఇండ్లకూ చేరినాక చెయ్యాల. అంతవరకూ ఆట అయిపోయినట్టు గాదు."

అది ఆయన పద్ధతి అని నాకు అప్పుడే తెలిసింది. కాగితాన్ని నా బల్ల మీద, నిఘంటువు కింద ఉంచాను.

*

జ్యేష్ఠంలో ఎండలు తగ్గలేదు. నాయన మంచం దిగడం మానేశారు. జయరాముడు అద్దిన పట్టుదారాల చిలపను తానే పట్టుకుని వచ్చాడు. నాయన దానిని కిటికీ వెలుతురులో రెండు చేతుల మీద వేసుకుని, చాలాసేపు నిమిరి, "బాగుండాదప్పా. మెత్తగుండాది," అన్నారు. జయరాముడు సంతోషంగా వెళ్ళిపోయాడు.

అతడు వీధి మలుపు తిరిగాక నాయన నెమ్మదిగా, "రంగు కలవలేదు," అన్నారు.

సుదర్శన్ మొదటి ఐదు చీరల్లో ఒకటి తెచ్చి పక్కన పెట్టాడు. నిజమే. మొదటివి నల్లగా నిగనిగలాడే నేరేడు. ఇది ఎరుపుకు తిరిగింది. ఉగాదికి ముందు బోరులో నీళ్ళు మంచివి; ఎండలకు నీళ్ళు అడుక్కుపోయి ఉప్పెక్కాయి. ఉప్పునీళ్ళలో రంగు అట్లాగే మారుతుంది. అందులో జయరాముడి తప్పేమీ లేదు.

"ఏం జేద్దాం నాయనా? కట్టుకుంటే ఏ జట్టు ఏదో తెలిసిపోతాది," అన్నాడు సుదర్శన్.

"నాకు నిద్దరొస్తాంది," అన్నారు నాయన. "మీరిద్దరూ చూసుకోండి."

పట్టు చిలప ఇంకా ఆయన చేతుల మీదనే ఉంది. నాగలక్ష్మి వచ్చి మెల్లగా తీసింది. ఆయన మంచం చుట్టూనే మా రోజులు గడుస్తుండగా ఆ పట్టు అదే రంగుతో మగ్గం ఎక్కింది.

జూన్ నెలాఖరులో ఒక మధ్యాహ్నం, ఏదో దూరదేశంలో జరుగుతున్న టెన్నిస్ ఆటను శబ్దం లేకుండా చూస్తూ నాయన కన్నుమూశారు. ఆట పూర్తయ్యే వరకూ మేమెవరమూ టీవీ ఆపలేదు. ఆయన్ను మోయడానికి ఎందరు వచ్చారో నేను లెక్కపెట్టలేదు. జయరాజు పాడె ముందుకొమ్ము పట్టుకున్నాడు; ఊరి చివరి వరకూ ఎవరు అడిగినా భుజం మార్చలేదు.

*

కర్మలన్నీ ముగిశాక, ముదిగుబ్బ వైపు పొలాల్లో వేరుశనగ విత్తుతున్న రోజుల్లో, ఓబులేసు మిగతా ఐదు చీరలూ తెచ్చి ఇచ్చాడు. నేతలో ఏ లోపమూ లేదు. చాప మీద పరిచిన రెండు వరుసలకూ తేడా మాత్రం గుమ్మంలో నుంచే కనిపిస్తోంది.

"మల్ల అద్దిస్తాం. మంచినీళ్ళ ట్యాంకరు తెప్పిస్తా," అన్నాడు సుదర్శన్. ఇప్పుడు అతనికి పట్టు ధర గుర్తు లేదు.

"మల్ల అంటే దీపావళి అయితాది," అంది నాగలక్ష్మి.

నేను చాప మీద కూర్చుని ఈ వరుస నుంచి రెండు తీసి ఆ వరుసలో పెట్టాను. ఆ వరుస నుంచి రెండు తీసి ఇందులో పెట్టాను. ఏ జట్టుకు చూసినా రెండు రంగులూ ఉన్నాయి.

సుదర్శన్ వాటిని కాసేపు చూశాడు. "గెలిచినోళ్ళు ఒప్పుకుంటారా అక్కా? వాళ్ళు నేసేటోళ్ళు. తేడా తెలీకుండా పోదు."

"అడిగి వస్తా."

"ఎవురు?"

"నేనే."

నాగలక్ష్మి నా వైపు చూసింది. తరువాత వంగి, అంగడి జట్టు వరుసలో ఎరుపు తిరిగిన చీర ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నాది ఇది వదినా. మామ చేతుల మీద వేసుకున్నింది ఈ పట్టే గదా," అంది.

ఓబులేసు ఇల్లు మగ్గాల వీధిలో ఉంది. అతని తల్లి తిప్పమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను తేరిపార చూసింది.

"ఎవురమ్మా? సావుకారి కూతురా? మేడ మీద ఉంటాదంటారే, ఆ యమ్మివా?"

"అవునమ్మా."

"మీ నాయన చీర తెస్తే ఈడనే కూర్చోని మజ్జిగ తాగేటోడు. కూర్చో."

కూర్చున్నాను. రంగు సంగతి, నీళ్ళ సంగతి, నేను కలిపిన సంగతి చెప్పాను. రెండు రంగులూ ఆమె ముందు పెట్టి, "మీకు ఏది గావాల్నో మీరే తీసుకోండి," అన్నాను. పక్కిళ్ళ ఆడవాళ్ళు ముగ్గురు అప్పటికే వచ్చి చుట్టూ నిలబడ్డారు. వారందరూ మగ్గం ముందు పెరిగినవారే. తేడా చూడగానే వారి కళ్ళలో తెలిసింది. ఈ ఇళ్ళు గెలిచిన ఇళ్ళు. వారు కాదంటే నా దగ్గర మరో మాట లేదు.

తిప్పమ్మ ఒక చీరను ఎడమ మోకాలి మీద, ఒక చీరను కుడి మోకాలి మీద వేసుకుంది.

"ఇది పండింది," అంది నల్లదానిని తట్టి. "ఇది దోర." ఎరుపుదానిని తట్టి, చుట్టూ ఉన్నవారిని చూసింది. "ఏమే, నేరేడు చెట్టు మీద రెండూ ఉండవా? మీరెవురూ చెట్టు మొగం సూడలేదా?"

ఒకామె నవ్వింది. "ఉంటాయిలే అవ్వా. నీకేది?"

"నాకు దోరది ఇయ్యి. ముసిల్దాన్ని, ఇంగ పండేది ఏముండాది?" అని భుజాన వేసుకుని, నా వైపు తిరిగి, "తెల్లగ అగుపిస్తాండానా అమ్మీ?" అంది.

"అగుపిస్తాండారు," అన్నాను. మజ్జిగ వచ్చింది. తాగాను. అక్కడి నుంచి మిగతా ఇళ్ళకు వెళ్ళాను. ఒక్కచోట కూడా గుమ్మంలో నుంచి తిరిగి రానివ్వలేదు. ఆపైన ఆ ఏడాది పెళ్ళిళ్ళకు నన్నూ పిలిచారు. రెండింటికి వెళ్ళాను. పందిట్లో ఆ చీరలు కనిపించినప్పుడు, పక్కన కూర్చున్న ఎవరో చిలమత్తూరు చుట్టాలకు, "నేరేడు రంగు ఏడాదివి అవి," అని చెబుతున్నారు. వారు రెండు రంగులెందుకని అడిగారు. చెట్టు మీద రెండూ ఉంటాయి కదా అని జవాబు. ఎవరు గెలిచారని చుట్టాలు అడగలేదు.

చీరలు అన్ని ఇళ్ళకూ చేరిన ఆ సాయంత్రం నేను కోర్టు దగ్గరికి వెళ్ళాను. వీధి జట్టు పిల్లలు గీతలు వేసుకుని ఆడుకుంటున్నారు. కుర్చీ ఎక్కి, వెంట తెచ్చిన స్కోరు కాగితాన్ని ఒళ్ళో పరుచుకున్నాను. కింద నుంచి ఒకడు, "అక్కా, లెక్క జెప్తావా?" అన్నాడు. చెబుతానన్నాను. ముందు కాగితం అడుగున, అంపైరు అని ఉన్నచోట, హేమావతి, నరసింహప్ప కుమార్తె అని రాసి సంతకం చేశాను. నాలుగు మడతలు పెట్టి, కుర్చీ పలక కింద నాయన కాగితాలు ఉండే అరలో, వాటి పైన ఉంచి మూత వేశాను.